నాయకుడికి వేసిన బాట: మోంటేన్ వ్యాసమూ గూడెం మన్యమూ

ఫ్రెంచి రచయిత మిషెల్ ద మోంటేన్ (1533-1592) రాసిన ‘ఎస్సేలు’ ఐరోపా సాంస్కృతిక పునరుజ్జీవన యుగానికి చెందిన గ్రంథమే అయినా, రచయిత అందులో లోకాన్ని తూచే ముందు తనను తాను తూచుకున్నాడు కాబట్టి, పాఠకుడు కూడా తన ఊరిని, తన కాలాన్ని పక్కన పెట్టుకోకుండా దాన్ని చదవలేడు. తూర్పు కనుమల్లో ఒకప్పటి విశాఖపట్నం జిల్లాకు, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాకు చెందిన గూడెం కొత్తవీధి కొండల చరిత్రను పక్కన ఉంచుకొని ఆ గ్రంథంలోని ‘నరభక్షకుల గురించి’ అనే ఒక్క వ్యాసాన్ని చదివినా, కొండవాళ్ల గురించి మైదానంవాళ్లు, వాళ్ల మీద ఏలుబడి చేసినవాళ్లు రాసిపెట్టిన కాగితాలను ఎంతవరకు నమ్మాలి, అసలు ఎలా చదవాలి అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఆ వ్యాసం చివర, చదువరులు సాధారణంగా గమనించకుండా దాటిపోయే ఒక చిన్న జవాబులో, అడవిలో వేసిన బాట ప్రస్తావన ఉంది. గూడెం కొండల్లో జరిగిన పెద్ద తిరుగుబాటుకు దగ్గరి కారణాల్లో బాట కూడా ఒకటి కావడం వల్ల ఈ రెండు చరిత్రలనూ కలిపి చదవడానికి ఆధారం దొరుకుతుంది.

‘ఎస్సే’ అన్న ఫ్రెంచి మాటకు ప్రయత్నం, పరీక్ష అని అర్థం. దాని వెనక ఉన్న లాటిన్ మాటకు తూకం అని అర్థం. బొర్దో నగర న్యాయస్థానంలో న్యాయాధికారిగా పనిచేసిన మోంటేన్ 1570లో ఆ ఉద్యోగం వదులుకొని, 1571లో తన ఎస్టేటులోని బురుజులో సుమారు వెయ్యి పుస్తకాల మధ్య కూర్చొని రాయడం మొదలుపెట్టాడు; 1576లో తన కోసం పోయించుకున్న నాణెం మీద త్రాసు బొమ్మ వేయించుకున్నాడు. మొదటి రెండు సంపుటాలు 1580లోనూ, మూడోది 1588లోనూ వెలువడగా, ఆయన చనిపోయేదాకా అచ్చుప్రతి అంచుల్లో కొత్త మాటలు చేరుస్తూనే ఉన్నాడు, పాతవాటిని కొట్టివేయడం మాత్రం అరుదు. ఒకసారి ఒకలా, మరోసారి ఇంకోలా తోచిన తన అభిప్రాయాలను రెండింటినీ ఒకే పుటలో ఉంచడానికి ఆయన సిగ్గుపడలేదు. తెలుగులో స్థిరపడిన ‘వ్యాసం’ అన్న సంస్కృత పదానికి విస్తరించి, విడమరచి చెప్పడం అన్న అర్థముంది గాని, తూకం వేయడం, తడుముకోవడం అన్న ఛాయలు అందులో లేవు. ఈ తేడా పదానికే పరిమితం కాలేదని చెప్పడానికి సాక్ష్యముంది. తెలుగులో తొలి వ్యాసాలుగా పలువురు పరిగణించే రచనలను మోంటేన్ లాగే న్యాయశాఖలో పనిచేసిన సామినేని ముద్దు నరసింహం నాయుడు ‘ప్రమేయాలు’ అన్నారు. 1862లో అచ్చయిన ఆ గ్రంథానికి ‘హితసూచని’ అన్న పేరు పెట్టారు. హితం చెప్పేవాడికి ముందే హితం తెలిసి ఉండాలి. మోంటేన్‌కు అది తెలియదు, లేదా తెలియదని ఒప్పుకోవడమే ఆయన పద్ధతి.

‘నరభక్షకుల గురించి’ అన్న వ్యాసానికి సందర్భం బ్రెజిల్. 1555లో ఫ్రెంచివాళ్లు అక్కడి తీరంలో ఒక వలస స్థాపించబోయి కొద్దికాలానికే విఫలులయ్యారు. ఆ దేశంలో పది పన్నెండేళ్లు గడిపిన ఒక సామాన్యుడు మోంటేన్ ఇంట్లో ఉండేవాడు. తెలివైనవాళ్లు చూసినదానికి తమ వ్యాఖ్యానం కలిపి చెబుతారనీ, కల్పించే నేర్పు లేని మనిషి సాక్ష్యమే ఎక్కువ నమ్మదగినదనీ వాదించి, ఆయన ఆ పనివాడి మాటల మీద ఆధారపడ్డాడు. టుపినంబా అనే ఆ తెగవాళ్లు యుద్ధంలో పట్టుబడిన శత్రువును చంపి తింటారన్నది ఐరోపాను భయపెట్టిన విషయం. మోంటేన్ దాన్ని కప్పిపుచ్చలేదు, మెచ్చుకోనూ లేదు. చచ్చినవాడిని తినడం కంటే బతికున్న మనిషిని చిత్రహింసల బల్ల మీద చీల్చడం, మతం పేరిట కుక్కలకూ పందులకూ పడేయడం ఎక్కువ అనాగరికమనీ, అలాంటివి తన దేశంలోనే, తన కళ్లెదుటే, పొరుగువాళ్ల మధ్యనే జరిగాయనీ మాత్రం గుర్తుచేశాడు. ఫ్రాన్సులో కేథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ నడుమ మతయుద్ధాలు సాగుతున్న రోజులవి; 1572 ఆగస్టులో పారిస్‌లో మొదలైన సామూహిక హత్యాకాండ నాటికి ఆయన బురుజులో రాస్తూ ఉన్నాడు.

వ్యాసంలోని చివరి ఘట్టం రూఆన్ నగరంలో జరుగుతుంది. 1562లో పన్నెండేళ్ల రాజు తొమ్మిదో చార్లెస్ అక్కడున్నప్పుడు ముగ్గురు టుపినంబాలను రాజు ముందుకు తెచ్చి, నగర వైభవమంతా చూపించి, ఇక్కడ మీకు ఏది వింతగా తోచిందని అడిగారు. గడ్డాలు పెరిగిన, ఆయుధాలు పట్టిన అంతమంది మొనగాళ్లు ఒక పసివాడికి లోబడి ఉండటం మొదటి వింత అన్నారు వాళ్లు. మనుషులందరినీ ఒకే ఒంటి రెండు సగాలుగా భావించే తమ భాషాసంప్రదాయాన్ని అనుసరించి, ఒక సగం అన్నీ అనుభవిస్తూ ఉంటే రెండో సగం ఆకలితో వాళ్ల గుమ్మాల దగ్గర అడుక్కుంటూ ఉండటం, ఆ రెండోవాళ్లు మొదటివాళ్ల గొంతు పట్టుకోకుండా, ఇళ్లకు నిప్పు పెట్టకుండా ఓర్చుకోవడం రెండో వింత అన్నారు. మూడు విషయాలు చెప్పారని, మూడోది మరిచిపోయినందుకు బాధగా ఉందని మోంటేన్ ఒప్పుకుంటాడు. ఆయన వాళ్లలో ఒకడితో చాలాసేపు మాట్లాడాడు గాని, మధ్యలో ఉన్న దుబాసీ, అంటే రెండు భాషలెరిగి మాటను ఇటూ అటూ చేరవేసేవాడు, మందమతి కావడంతో పెద్దగా ఏమీ అర్థం కాలేదు. ఆ మనిషిని నావికులు రాజు అనేవారు. నీ గొప్పతనం వల్ల నీకేం లాభమని అడిగితే, యుద్ధానికి అందరికంటే ముందు నడవడం అని చెప్పాడు. యుద్ధం లేనప్పుడు ఆ అధికారం ఏమవుతుందని అడిగితే, తన కింది ఊళ్లకు వెళ్లినప్పుడు అక్కడివాళ్లు తను సులువుగా నడిచేందుకు పొదలు నరికి బాట వేస్తారని చెప్పాడు.

ఇంతకంటే తక్కువ మాటల్లో అధికారాన్ని నిర్వచించిన సందర్భాలు రాజనీతి గ్రంథాల్లోనూ అరుదు. మోంటేన్ మిత్రుడు లా బొయేసీ (మరణం 1563) అనేకులు ఒక్కడికి ఎందుకు లొంగి ఉంటారన్న ప్రశ్న మీద ఒక గ్రంథమే రాశాడు. టుపినంబా నాయకుడి మాటలో ఆ ప్రశ్నకు సగం జవాబుంది. అక్కడ నాయకుడి వెనక పోలీసు లేడు, పన్ను లేదు, తాసీల్దారు లేడు. బాట వేయాలా వద్దా అన్నది ఊరి చేతిలో ఉంది.

గూడెం కొండల్లో కూడా ఇలాంటి నాయకత్వం ఉండేది. దాని పేరు ముఠాదారీ. ముఠా అంటే కొన్ని కొండ ఊళ్ల సముదాయం. ముఠాదారు ఆ ఊళ్ల నుంచి శిస్తు వసూలు చేసి, అందులో కట్టుబడి అనే స్థిరమైన మొత్తాన్ని పైవాడికి చెల్లించి, కొండదారుల కాపలా చూసుకొనేవాడు. ఈ ముఠాదారుల్లో ఎక్కువమంది భగత తెగవాళ్లు. పైన గొలుగొండ జమీందారు ఉండేవాడు; ఆ పైన కాలాన్ని బట్టి వేర్వేరు ప్రభువులు. మోంటేన్ బురుజెక్కిన ఏడాదికి అటూ ఇటూగా, 1571-72లో, గోలకొండ సుల్తాను సేనలు రాజమహేంద్రవరాన్ని పట్టుకున్నాయి. కానీ మైదానంలోని కోటలు చేతులు మారినంత తేలిగ్గా కొండ మీది ఊళ్లు చేతులు మారేవి కావు. మన్యంలో నిజమైన మార్పు ఇంగ్లీషు కంపెనీ ప్రభుత్వంతోనే వచ్చింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో 1830లలో చెలరేగిన అల్లర్లను అణచడానికి జార్జి రస్సెల్ అనే అధికారిని పంపగా, అతని సిఫారసుల ఫలితంగా 1839 నాటి 24వ చట్టం వచ్చింది. ఆ చట్టం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, జిల్లా కలెక్టరును గవర్నరుకు ‘ఏజెంటు’గా నియమించి, సర్వాధికారాలూ అతని చేతిలో పెట్టింది. ‘ఏజెన్సీ’ అన్న మాట ఈ కొండలకు పేరుగా స్థిరపడింది అప్పుడే. 1874లో షెడ్యూల్డు జిల్లాలు, 1919లో వెనకబడిన ప్రాంతాలు, 1935లో పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు, 1950లో రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింది ప్రాంతాలు అని కాగితాల మీద పేర్లు మారుతూ వచ్చినా, పాడేరు బస్సెక్కే ప్రయాణికుడు ఇప్పటికీ ఏజెన్సీకి వెళుతున్నాననే అంటాడు. ఒక ఉద్యోగి హోదా ఒక దేశానికి పేరై నిలిచిన సందర్భం తెలుగునాట మరొకటి చూపడం కష్టం.

పేర్ల విషయంలో మోంటేన్ చేసిన ఒక పరిశీలన ఇక్కడ పనికివస్తుంది. మనిషి చెయ్యి పడకుండా ప్రకృతి తనంతట తాను కాయించిన పండ్లను అడవి పండ్లు అని చిన్నచూపు చూస్తామనీ, నిజానికి మన రుచికి తగ్గట్టు మార్చి, చెడగొట్టినవాటికే ఆ పేరు చెల్లుతుందనీ ఆయన అంటాడు. తెలుగులోనూ ‘అడవి’ అన్న ముందుమాట తగిలిస్తే చాలు, వస్తువు విలువ తగ్గుతుంది; ‘నాగరికం’ అన్న మాటలోనే నగరం ఉంది, కాబట్టి కొండమీది ఊరు ‘అనాగరికం’ కావడానికి అది కొండమీద ఉండటమే చాలు. ఈ పదజాలం అటవీశాఖ చేతిలో చట్టమైంది. కొండవాలులో చెట్లు నరికి, ఎండాక కాల్చి, ఆ బూడిదలో రెండు మూడేళ్లు చోళ్లు, సామలు, కొర్రలు, వలిసెలు, కందులు కలిపి పండించి, తరవాత ఆ చెలకను మళ్లీ అడవికి వదిలి వేరే వాలుకు పోవడం పోడు వ్యవసాయం. తిరిగి అదే చోటికి రావడానికి ఎన్నో ఏళ్లు పట్టేది కాబట్టి, జనం పలచగా ఉన్న రోజుల్లో అడవి కోలుకొనేది. నాగలి లేని ఈ సాగును అధికారులు సేద్యంగా గుర్తించక, అడవి తగలబెట్టే దుడుకు చేష్టగా చూశారు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవులు ఏర్పరచి, పోడును, కట్టెపుల్లను, పశువుల మేతను అనుమతులకు, అపరాధ రుసుములకు లోబరచారు. కలప రైలు స్లీపర్లకు, ఓడలకు పోవడం మాత్రం సక్రమమైన వినియోగమైంది.

అటవీ చట్టానికి మూడేళ్ల ముందే కల్లు గొడవ వచ్చింది. మన్యంలో జీలుగు, తాటి చెట్ల కల్లు ఎండాకాలంలో సగం ఆహారం. కొండవాళ్లు తమ ఇంటి వాడకానికి దాన్ని స్వేచ్ఛగా గీసుకొనేవారు. ఆబ్కారీ నిబంధనలు ఆ హక్కును తీసివేసి గుత్తేదారులకు అప్పగించడం, రంప మన్సబుదారు తన వంతుగా చిగురుపన్ను అనే కల్లుపన్ను పెంచడం, వడ్డీ వ్యాపారులు కోర్టు డిక్రీలు చూపి పశువులను, పంటను తోలుకుపోవడం కలిసి 1879 మార్చిలో రంప తిరుగుబాటుకు దారితీశాయి. అది ఏప్రిల్‌కల్లా గొలుగొండ కొండల్లోకి, జూలైలో భద్రాచలం వైపు రేకపల్లె ప్రాంతానికి పాకి, సుమారు 5,000 చదరపు మైళ్ల మన్యాన్ని కదిలించింది. దానికి ముందు 1845-48లోనూ, 1857-58లోనూ, తరవాత 1886లో ‘రామదండు’ పేరిటా గూడెం కొండలు లేచాయి. ఈ తిరుగుబాట్లను వరుసగా అధ్యయనం చేసిన డేవిడ్ ఆర్నాల్డ్ 1839 నుంచి 1924 వరకు ఉన్న కాలాన్ని ఒకే గొలుసుగా చూడటం సమంజసంగానే ఉంది. రూఆన్‌లో టుపినంబాలు అడిగిన రెండో ప్రశ్న, సగం మనుషులు మిగతా సగం గొంతు ఎందుకు పట్టుకోవడం లేదన్నది, ఇక్కడ ప్రశ్నగా మిగలలేదు. ప్రభుత్వ రికార్డులు మాత్రం ఆ జవాబును ‘ఫితూరీ’ అన్న ఒక్క మాటతో మూసేశాయి. ఫితూరీ అంటే కల్లోలం, దుండగం. కారణం అడగనక్కరలేని చోట వాడే మాట.

1922 నాటి కథలో బాట ముందుకు వస్తుంది. అప్పటికి గూడెంలో ఒక డిప్యూటీ తాసీల్దారు కొలువై ఉండేవాడు. నర్సీపట్నం వైపు నుంచి కొండల మీదికి రోడ్డు వేసే పని బాస్టియన్ అనే ఆ అధికారి అజమాయిషీలో సాగింది. కూలీలను బలవంతంగా రప్పించడం, తక్కువ కూలి ఇవ్వడం, కొట్టడం గురించిన ఫిర్యాదులు చరిత్రకారులు నమోదు చేసినవే. కొండ ఊళ్ల మీద ఇలాంటి వెట్టి కొత్తదేమీ కాదు. అధికారి మకాంకు వస్తే సామాను మోయడం, కట్టెలు, కోళ్లు ఇవ్వడం అప్పటికే ఆనవాయితీ. ముఠాదారు వస్తే ఊరివాళ్లు బాట బాగుచేయడం కూడా ఉండే ఉంటుంది. కానీ ఆ బాట మీద నడిచేవాడు మళ్లీ తమ ఊరి తగువు తీర్చాలి, తమ పండుగకు రావాలి, తమతో కలిసి తాగాలి. రోడ్డు విషయంలో ఈ తిరుగుచెల్లింపు లేదు. దాని మీద వచ్చేది అటవీశాఖ గార్డు, ఆబ్కారీ బంట్రోతు, షావుకారి బండి. పదవి పోగొట్టుకున్న బట్టిపనుకుల మునసబు గాం గంటందొర, అతని తమ్ముడు మల్లుదొర వంటివారు తిరుగుబాటు నడిపిన అల్లూరి సీతారామరాజు వెంట నిలవడానికి ఇలాంటి పరిస్థితులే నేపథ్యం. దేశమంతటా గాంధీ సహాయ నిరాకరణ పేరు మారుమోగుతున్న రోజులు కావడంతో మైదానంలో ఈ పోరాటాన్ని జాతీయోద్యమంలో ఒక అధ్యాయంగా చదవడం అలవాటైంది. కొండమీది నుంచి చూస్తే అది ఎనభై ఏళ్లుగా నడుస్తున్న తగువులో ఆఖరి వాయిదా.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి సీతారామరాజు దళం తుపాకులు పట్టుకుపోయింది. సెప్టెంబరు 24న, ఇప్పుడు గూడెం కొత్తవీధి మండలంలో ఉన్న దామనపల్లి ఘాటీలో, స్కాట్ కవర్డ్, హేటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు పొంచి ఉన్న దళం చేతిలో చనిపోయారు. ముందు నడిచిన భారతీయ పోలీసులను దళం పోనిచ్చిందన్నది ప్రసిద్ధం. ఒకరి వెనక ఒకరు నడవవలసిన ఇరుకు కొండదారి అది. ఆ దారి ఎక్కడ వంగుతుందో, ఎక్కడ ఏ బండరాయి చాటు ఇస్తుందో తరతరాలుగా దాన్ని కాచినవాళ్లకే తెలుసు. ప్రభుత్వానికి కొండల్లో రోడ్డు ఎందుకు అంత అత్యవసరమో, కొండవాళ్లకు అది ఎందుకు అంత అనుమానమో దామనపల్లి ఒక్కటే విడమరచి చెబుతుంది. మలబారు స్పెషల్ పోలీసులు, ఆ తరవాత అస్సాం రైఫిల్సు వచ్చి, రెండేళ్ల వేట సాగించాక, 1924 మే 7న సీతారామరాజును కొయ్యూరు దగ్గర కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. గంటందొర కూడా కొద్దివారాల్లోనే పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. దీర్ఘకాలం శిక్ష అనుభవించిన మల్లుదొర స్వతంత్ర భారతదేశపు తొలి సాధారణ ఎన్నికల్లో గెలిచి 1952లో లోక్‌సభకు వెళ్లాడు. రూఆన్‌లో ఆ ముగ్గురిని రాజు ముందు వింతమనుషులుగా నిలబెట్టారు. మల్లుదొర కూర్చోవలసిన చోట కూర్చున్నాడు. ఆ రెండింటి మధ్య 390 ఏళ్లు.

ఈ తిరుగుబాట్ల గురించి తెలిసినదాంట్లో అధికభాగం తిరుగుబాటుదారులను అణచినవాళ్ల కాగితాల నుంచే వచ్చిందన్నది చరిత్ర రచనలో పాత చిక్కు. కార్మైకేల్ 1869లో విశాఖపట్నం జిల్లా మాన్యువల్ రాశాడు. దాని తరవాత 1907లో ఫ్రాన్సిస్ గెజిటీరు వచ్చింది. ఇద్దరూ సమర్థులే, వాళ్ల శ్రమ లేకపోతే గూడెం కొండల పంతొమ్మిదో శతాబ్దం సగానికి సగం చీకటే. కానీ తమకు తెలియనిది ఏదో, దుబాసీ దగ్గర జారిపోయింది ఏదో వాళ్లు చెప్పరు. అరెస్టయిన కొండమనిషి తన భాషలో చెప్పిన మాట తెలుగులోకి, తెలుగు వాంగ్మూలం ఇంగ్లీషులోకి, ఇంగ్లీషు నివేదిక మద్రాసు ఫైల్లోకి వెళ్లేసరికి మోంటేన్ మరిచిపోయిన మూడో జవాబు లాంటివి ఎన్ని జారిపోయాయో లెక్క లేదు. తేడా ఏమిటంటే మోంటేన్ మరిచిపోయానని రాశాడు. 1909లో ఏడు సంపుటాలుగా వెలువడిన ‘దక్షిణ భారత కులాలు, తెగలు’ గ్రంథకర్త ఎడ్గర్ థర్స్టన్ కొలిచే కమ్ములు పట్టుకొని మనుషుల తలలను, ముక్కులను మిల్లీమీటర్లలో కొలిచాడు. మోంటేన్ త్రాసులో ఒక పళ్లెం తనది. థర్స్టన్ పరికరంలో కొలిచేవాడికి చోటు లేదు.

ఈ ధోరణికి తెలుగునాట స్పష్టమైన మినహాయింపు గిడుగు వెంకట రామమూర్తి (1863-1940). పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన కొండ సవరల భాషను దుబాసీ అవసరం లేనంతగా నేర్చుకొని, వాళ్ల పిల్లల కోసం వాచకాలు తయారుచేసి, 1931లో సవర భాషా వ్యాకరణాన్ని, 1938లో నిఘంటువును ప్రకటించారు. సవరలను సంస్కరించడానికి ముందు వాళ్లు ఏమంటున్నారో వినాలన్నది ఆయన నియమం. వ్యావహారిక తెలుగు కోసం ఆయన చేసిన వాదనకు మూలం కూడా ఈ వినికిడిలోనే ఉందనుకోవడం తప్పు కాదు. గూడెం కొండలకు అలాంటి గిడుగు దొరకలేదు. అక్కడి భగతలు, కొండదొరలు తెలుగే మాట్లాడతారు కాబట్టి దుబాసీ అక్కరలేదని అధికారులు అనుకొని ఉండవచ్చు. ఒకే భాష మాట్లాడేవాళ్ల మధ్య మాట మరింత నిశ్శబ్దంగా జారిపోతుంది. కొండవాళ్ల పక్షాన రాత బొత్తిగా లేదనీ చెప్పలేం. ఫలానా చోటికి వస్తున్నామని మిరపకాయ కట్టిన ఉత్తరం పంపడం ‘మిరపకాయ టపా’గా జనం నోట నిలిచింది, స్టేషన్లో ఏయే ఆయుధాలు తీసుకున్నదీ సీతారామరాజు అక్కడి పుస్తకంలోనే రాసి సంతకం పెట్టాడు. ప్రభుత్వ రికార్డులోకి తిరుగుబాటుదారు స్వదస్తూరీతో ప్రవేశించిన అరుదైన సందర్భమది.

మోంటేన్‌ను ఆదర్శంగా నిలబెట్టి ఇతరులను తప్పుపట్టడం కూడా న్యాయం కాదు, ఎందుకంటే తెలుగువాళ్ల దాకా వచ్చేసరికి ఆయనే తడబడ్డాడు. సుఖదుఃఖాలు మన భావనను బట్టి ఉంటాయని చెప్పే ఒక వ్యాసంలో, నార్సింగ రాజ్యంలో పూజారుల భార్యలను చనిపోయిన భర్తలతో పాటు సజీవంగా పాతిపెడతారని ఆయన ఒక వాక్యం రాశాడు. నార్సింగ అంటే విజయనగరం. సాళువ నరసింహరాయల పేరును బట్టి పోర్చుగీసువాళ్లు ఆ రాజ్యాన్ని అలా పిలిచేవారు. పోర్చుగీసు యాత్రికుల ద్వారా ఐరోపాకు చేరిన ఆ వార్తలో కొంత నిజం ఉండవచ్చు, కొన్ని వర్గాల్లో ఆ ఆచారం ఉండి ఉండవచ్చు. కానీ ఎవరు చూశారు, ఎవరి ద్వారా విన్నారు, దుబాసీ ఎవరు అన్న ప్రశ్నలేవీ ఆయన ఇక్కడ వేయలేదు. బ్రెజిల్ మనిషి ఎదురుగా కూర్చుంటే అనుమానం పుట్టింది. తెలుగు, కన్నడ దేశాల మనిషి పుస్తకంలోని పేరు మాత్రమే కావడంతో ఉదాహరణగా మిగిలిపోయాడు. దూరం పెరిగేకొద్దీ త్రాసు మొగ్గు సడలుతుందని మోంటేన్ గ్రంథమే మోంటేన్‌కు వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతోంది.

అదే సడలింపు తెలుగు వ్యాసంలోనూ కనిపిస్తుంది, అదీ దూరం లేకుండానే. హితసూచని నుంచి కందుకూరి వీరేశలింగం 1874లో స్థాపించిన ‘వివేకవర్ధని’ పత్రిక దాకా, అక్కడి నుంచి 1913లో మొదలైన పానుగంటి లక్ష్మీనరసింహారావు ‘సాక్షి’ వ్యాసాల దాకా తెలుగు వ్యాసం పెరిగినది గోదావరి జిల్లాల గడ్డ మీద. రాజమహేంద్రవరం నుంచి చూస్తే రంప కొండలు కనిపించేటంత దగ్గర. పానుగంటికి నమూనా ఇంగ్లండులో అడిసన్, స్టీల్ నడిపిన ‘స్పెక్టేటర్’ పత్రిక. ఆ దారిన వచ్చిన వ్యాసం పట్నపు ఆచారాలను, పెళ్లి తంతులను, దంభాచార్యులను చీల్చి చెండాడింది, భాషకు కొత్త వేగం ఇచ్చింది. ఆ మేలును తక్కువ చేయలేం. కానీ ఆ వ్యాసకర్తలు తమ కాలంలోనే, తమ జిల్లా అంచునే జరిగిన 1879, 1922 తిరుగుబాట్ల ముందు ఆగి, కొండమనిషి కంటికి తాము ఎలా కనిపిస్తున్నామని అడగలేదు. వాళ్లకు కొండమనిషి పురాణంలోని కిరాతుడో, వార్తాపత్రికలోని ఫితూరీదారో. ఇంగ్లీషు చదువు ద్వారా తెలుగుకు చేరిన వ్యాసంలో బేకన్ సూక్తి గాంభీర్యం, అడిసన్ చమత్కారం దండిగా వచ్చాయి. మోంటేన్ సంశయం తక్కువగా వచ్చింది. కొండల గురించి ఆ లోటును తరవాతి కాలంలో నవలలు, కథలు, పాత్రికేయుల నివేదికలు కొంత తీర్చాయి గాని, వ్యాసం ఇంకా బాకీనే.

ఇప్పటి గూడెం కొత్తవీధిని స్థానికులు జి.కె.వీధి అంటారు. ముఠాదారీ 1969 నాటి నిబంధనతో రద్దయి రైత్వారీగా మారింది. గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించిన 1/70 నిబంధన మరుసటి ఏడాది వచ్చింది. 1956లో విశాఖపట్నంలో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ సంతల్లో చింతపండు, అడ్డాకులు, పిప్పళ్లు కొనడం మొదలుపెట్టింది. సంతలో షావుకారి తూకం మీద ఉన్న అపనమ్మకమే ఆ సంస్థ పుట్టుకకు ఒక కారణం. పోడు వాలుల మీద కాఫీ, మిరియం తోటలు లేచాయి. ఇదే మండలంలోని జెర్రెల కొండల్లో బాక్సైటు తవ్వకానికి వీలు కల్పించే 97వ నంబరు జీవో 2015 నవంబరులో రాగా, కొండ ఊళ్ల ప్రతిఘటన తరవాత 2019లో అది రద్దయింది. గనికి వేసే రోడ్డు ఎటు పోతుందో వాళ్లకు అడగకుండానే తెలుసు.

రోడ్డంటేనే కొండవాళ్లకు గిట్టదని దీన్నిబట్టి అనుకోకూడదు. నిండు గర్భిణిని కర్రకు కట్టిన డోలీలో మైళ్ల తరబడి మోసుకొని ఆసుపత్రికి చేర్చవలసిన ఊళ్లు ఈ జిల్లాలో ఇప్పటికీ ఉన్నాయి. అధికారుల చుట్టూ తిరిగి విసిగి, చందాలు వేసుకొని, పలుగు పారలు పట్టి సొంతంగా రోడ్డు వేసుకున్న ఊళ్ల వార్తలు కూడా అప్పుడప్పుడూ పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. నూరేళ్ల కింద కొరడా చూపించి వేయించిన పనిని ఇప్పుడు ఎవరూ పిలవకుండానే చేస్తున్నారు, ఎందుకంటే ఆ బాట మీద ముందుగా నడిచేది తమ ఇంటి ఆడపడుచు.

చైత్రమాసంలో ఈ కొండల్లో ఇటుకల పండుగ జరుగుతుంది. మగవాళ్లు ఆయుధాలు పట్టుకొని వేటకు పోతారు. ఆడవాళ్లు తారురోడ్డు మీదికి వచ్చి, దారికి అడ్డంగా కర్ర పెట్టి, పాటలు పాడుతూ, వచ్చే పోయే ప్రతి వాహనాన్నీ ఆపి డబ్బు వసూలు చేస్తారు. జీపు సర్కారుదైనా సరే, ఇచ్చాకే కర్ర లేస్తుంది.